వేలిముద్రకు ముందు

ఓర్వకల్లులో ఇటాలియన్ వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. ఇటలీలో ఒక ముసలామెకు పదకొండేళ్లు సేవ చేస్తూ నేర్చుకున్న భాష. తిరిగొచ్చాక, మా చర్చి హాస్టల్లో చదివే ఆడపిల్లల ఉత్తరాలను అక్కడి దాతల కోసం అనువాదం చేసిపెడుతున్నాను. ఇంగ్లీషు ఉత్తరం ఆఫీసులో తయారవుతుంది. పిల్లల పేర్లు మారతాయి గానీ మాటలు మారవు. హార్డ్‌షిప్‌కు స్టెంటి, డిప్రివేషన్‌కు ప్రివాత్సియోని, డెస్టిట్యూట్‌కు, అంటే దిక్కులేనిదానికి, మిజెరబిలే. కళ్లు మూసుకుని రాసేదాన్ని, సిగ్గు లేకుండా.

పోయిన వేసవిలో ఒక పిల్ల ఉత్తరం మీద వేలిముద్ర వేయడానికి వాళ్ల అవ్వ వచ్చింది. తల్లీ తండ్రీ పోయిన పిల్లను పెంచింది ఆమే. ఆఫీసాయన ఇంకుప్యాడు జరిపాడు. అవ్వ కొంగులోంచి చెయ్యి తీయలేదు. ముందు చదివి చెప్పమంది. ఇన్నేళ్లలో అలా అడిగిన మనిషి లేదు. నేనే తెలుగులో చెప్పాను: తిండి లేదు, గుడ్డ లేదు, దిక్కూ మొక్కూ లేని పిల్ల.

"దిక్కు లేదని రాసినారే, నేను సచ్చినానా?" అంది అవ్వ. "వాన లేదు, బోరులో నీళ్లు లేవు. అది రాయండి. నా మనవరాలు ఒక్క పూటన్నా పస్తు పండుకోలే."

అలా రాస్తే దాత డబ్బు పంపడం మానుకుంటాడు, పిల్ల సీటు పోతుందన్నాడు ఆఫీసాయన. అవ్వ నా వైపు తిరిగి, నిజమేనా అని అడిగింది. పోవచ్చన్నాను. ఆమె బొటనవేలు రుద్దుకుంది.

"అయినా నిజమే రాయి తల్లీ."

నేనూ ఆ హాస్టల్లోనే చదివాను. మా అమ్మ ఏటేటా వచ్చి ఇలాగే వేలిముద్ర వేసిపోయేది. తన గురించి ఏం రాశారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చదవడం వచ్చాక నేనూ చెప్పలేదు. ఆ తప్పు ఇంకా నన్ను తింటూనే ఉంది.

ఇంగ్లీషు కాగితం చించేసి, అక్కడే కూర్చుని నేరుగా ఇటాలియన్‌లో రాశాను. స్టెంటి ఉంచాను, కష్టం నిజమే కదా. మిజెరబిలే దగ్గరికే పోలేదు. అవ్వ చేసే కొర్రన్నం గురించి రాశాను, ఎండిన బోరు గురించి రాశాను, ఆ పిల్లకు అవ్వ ఉందని రాశాను. మళ్లీ తెలుగులో వినిపించాక అవ్వ వేలు గట్టిగా నొక్కింది. రేపు మాటొస్తే ఎవరు పడతారని ఆఫీసాయన అడిగితే, నేనే పడతానన్నాను.

దాత నుంచి జవాబు ఇంకా రాలేదు. పిల్ల హాస్టల్లోనే ఉంది. సీటు తీసేస్తామని కాగితం రాస్తే, అది కూడా ముందు అవ్వకు చదివి వినిపించాలి, నా ఎదుట.