వదిలేయాల్సిన పోగు

రోజారమణి మగ్గం దిగి ప్రయోగశాల మెట్లెక్కింది ఎలక్ట్రాన్లను ఉద్ధరించడానికి కాదు. ఇంట్లో రెండు మగ్గాలుంటే ఒక్కదానికే పని మిగిలింది గనక. షాద్‌నగర్ దాటాక ఉన్న ఓ ఇంజనీరింగ్ కాలేజీలో దయాకర్ సార్ మెదడులాంటి చిప్పు తయారు చేస్తున్నాడు. మామూలు కంప్యూటరు ఒకచోట గుర్తుపెట్టుకుని ఇంకోచోట లెక్క చేస్తుందట, అటూ ఇటూ మోయడానికే కరెంటంతా తింటుందట. ఈ చిప్పులో ఎలక్ట్రాన్ల స్పిన్, అంటే పిసరంత అయస్కాంతంలా పైకో కిందికో ఉండే గుణం, కరెంటు పోయినా చెరిగిపోదు. గుర్తూ లెక్కా ఒక్కచోటే. ఇదెవరో కరెంటు కోతల్లో పెరిగినవాడే కనిపెట్టి ఉంటాడనుకుంది రోజారమణి.

చిప్పుకు వెంట్రుక కన్నా సన్నని బంగారు తీగలు అతకడం ఆమె పని. ముగ్గురు పీహెచ్‌డీలు ఆ తీగను యంత్రం సూదిలోకి ఎక్కించలేక చెమటలు కక్కుతుంటే, పట్టుపోగుల మధ్య పెరిగిన ఈమె మాట్లాడుతూనే ఎక్కించేసింది. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లూ ఉద్యోగం అన్నారు.

ఒక చిప్పుకు పదిహేను తీగలు అతికి, పదహారో చోటు ఖాళీగా వదలాలని సార్ గీసిచ్చిన బొమ్మలో ఉంది. నేతింట్లో తెగిన పోగు అతకకుండా వదిలితే తండ్రి రాజం ఆ పూట అన్నం ముట్టనిచ్చేవాడు కాదు. చెయ్యి ఊరుకోలేదు. అదీ అతికేసింది.

ఆ చిప్పు పది అక్షరాలు చూపిస్తే పదీ గుర్తుపట్టింది. మిఠాయిలు పంచారు, పేపర్లో ఫొటో వేయించుకున్నారు. సోమవారం పరిశీలకులు వస్తారని, వాళ్లు మెచ్చితే ప్రాజెక్టు ఇంకో మూడేళ్లు నడుస్తుందని చెప్పారు. శనివారం మైక్రోస్కోపులో చూసిన రోజారమణికి అసలు సంగతి తెలిసింది. సరిచూసుకోవడానికి పెట్టిన జవాబుల లైను నుంచి ఆ పదహారో తీగ నేరుగా చిప్పులోకి పోతోంది. చిప్పు నేర్చుకోలేదు, కాపీ కొట్టింది. ఇంజనీరింగ్ కాలేజీలో పుట్టింది, దాని తప్పేముంది?

ఆమె వెళ్లి సార్‌కు చెప్పింది. ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు.

"సోమారం గడిచేదాంక జర సప్పుడు జెయ్యకు రోజమ్మా. నీ కొలువు గూడ గందులనే ఉన్నది."

ఆమెకు భయం వేసింది, ఏడుపూ వచ్చింది. అయినా సోమవారం పరిశీలకులు రాకముందే ఆ తీగ తెంపేసింది. తన చేతి తప్పును గొప్పగా చూపించుకోవడం ఆమెకు సిగ్గనిపించింది.

చిప్పు సొంత బుర్రతో పదికి మూడు చదివింది. పాస్ మార్కు ముప్పై అయిదని ఒక పెద్దమనిషి నవ్వాడు. పాత ఫలితం తప్పు కావడానికి కారణం అదనపు తీగ అతికిన ఫలానా రోజారమణి అని ఇంటిపేరుతో సహా నివేదికలో రాశారు. ప్రాజెక్టుకు ఆర్నెల్లు గడువిచ్చారు, ఆమెను తీసేశారు.

నెల తర్వాత దయాకర్ ఫోన్ చేశాడు. కొత్తవాళ్లెవరికీ తీగ ఎక్కడం లేదట. సొంతంగా చదివిన ఆ మూడక్షరాల మీద ఆరుగురి పేర్లతో పెద్ద పత్రికకు వ్యాసం రాస్తున్నారట. ఆమె వచ్చి నాలుగు చిప్పులు అతికిస్తే చాలట.

"వస్త సార్," అంది రోజారమణి. "తప్పు జరిగినప్పుడు ఇంటిపేరుతోని రాసిన్రు గదా. గా మూడక్షరాల కాయితంల గూడ గట్లనే రాయున్రి."