నంబరు ప్లేటు చూశాకే జవాబు

కెనడాలో, మా రెజైనాలో కాఫీ కొనుక్కోవడమంటే చిన్నపాటి ఇంటర్వ్యూ. ఏ సైజు, పాలా క్రీమా, చక్కెర ఎంత, ఇక్కడే తాగుతారా పట్టుకెళ్తారా. అన్నిటికీ జవాబు చెప్పి పక్కకి జరిగితే ఇంకో అమ్మాయి వచ్చి మూత కావాలా అని అడుగుతుంది. ఈ దేశం వచ్చి ముప్పయ్యేళ్ళు దాటింది. "మీ ఇష్టం" అనే సైజులో కాఫీ దొరకడం ఇంతవరకూ చూడలేదు.

మా అక్క కాఫీ షాపుకి రావడం మానేసింది ఇందుకే. "కాఫీ పొయ్యడానికి ఇన్ని ప్రశ్నలేటిరా? ఆ పిల్లకేది వీలైతే అది పొయ్యమను" అంది. ఆ మాట నలుగురిలో చెప్పి నవ్వించడానికి దాచుకున్నాను. పోయిన చలికాలం అదే మాట కిడ్నీ డాక్టరు ముందు వినాల్సొస్తుందని అనుకోలేదు.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. మేం పుట్టింది ఆంధ్రాకీ ఒడిశాకీ మధ్య కొండల్లో. మధ్య అన్నది మాటవరసకి కాదు. జమీందార్ల కాలంలో ఇద్దరు మాదంటే మాదనేవారట. శిస్తుకి మాత్రం తగువు లేకుండా ఇద్దరూ వచ్చేవారు. తెల్లవాళ్ళ సర్వే కొండ కిందదాకా వచ్చి, ఎక్కడం దేనికని ఆగిపోయిందని మా నాన్న చెప్పేవారు. తర్వాత రాష్ట్రాలు వచ్చాయి, గీత రాలేదు. తగువు కోర్టుకెక్కింది. ఇంకా దిగలేదు.

ఈలోగా మాకు అన్నీ రెండేసి. రెండు రేషన్ కార్డులు, రెండు బడులు, రెండు భాషల్లో రెండు బోర్డులు. ఒకరు పాతిన బోర్డు ఇంకొకరు పీకేవారు. పీకిన గుంతలోనే తమది పాతేవారు, తవ్వే శ్రమ తగ్గుతుందని. ఇన్ని ప్రభుత్వాలున్న ఊళ్ళో ఆస్పత్రి మాత్రం లేదు. ప్రతి వానాకాలం జ్వరాలకి చంటిపిల్లలు పోయేవారు. ఏ రాష్ట్రం లెక్కలో రాయాలో తేలక, చాలామంది ఏ లెక్కలోకీ రాలేదు.

మా నాన్నది ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు అమ్మే కొట్టు. దారి మలుపులో ఉండేది కనక ఊళ్ళోకి వచ్చే జీపు ముందు మాకే కనిపించేది. నంబరు ప్లేటు చదివే పని అక్కది. తను అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు, ఆ ప్లేట్ల మీదే. జీపు దిగినవాడు "ఇది ఏ రాష్ట్రం?" అని అడిగితే, అక్క వాళ్ళ రాష్ట్రం పేరే చెప్పేది, వాళ్ళ భాషలోనే. వాళ్ళు సంతోషించి వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకి రెండో జీపు, అదే ప్రశ్న, రెండో జవాబు. ఊరంతటిదీ అదే పద్ధతి. దాన్ని అబద్ధమనుకునేవాళ్ళం కాదు, మర్యాద అనుకునేవాళ్ళం. రెండు జీపులూ ఒకే రోజు వస్తే మాత్రం ఊరు మొత్తానికి ఒక్కసారే కట్టెలు అవసరమయ్యేవి. అందరూ అడవిలోకి పోయేవారు.

ఒక వానాకాలం జీపు ప్లేటు మీద బురద. అక్క చదవలేకపోయింది. మా వెనకింటాయన అంచనా మీద చెప్పాడు. తప్పింది. మాట్లాడి పంపిస్తామని జీపులో ఎక్కించుకున్నారు. మాట్లాడి పంపించారు. ఆ తర్వాత ఆయనకి ఎడమచెవి వినపడలేదు. అది ఏ జీపో నేను ఇప్పటికీ చెప్పను. రెజైనాలో ఉంటే మాత్రం ఏం, కిటికీ కింద ఏ బండి ఆగి ఉందో చూసుకోవాలి కదా.

అప్పటినుంచి అక్క ఎవరికైనా జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగి, అడిగినవాడి మొహం చూస్తుంది.

నేను చదువుకుని, వేరే ఉద్యోగాలే లేనట్టు, భూముల హద్దులు గీసే ఉద్యోగంలో చేరి ఇక్కడే రిటైరయ్యాను. మా సస్కాచెవాన్ రాష్ట్రం హద్దులు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. ఒక్క కొండ కూడా అడ్డం రాలేదు. ముందునుంచీ ఇక్కడున్న మనుషులు కూడా అడ్డం రాలేదనిపిస్తుంది మ్యాపు చూస్తే. మ్యాపుల పని అదే.

అక్కని ఈ దేశం తెచ్చుకున్నది తన కూతురు, ఇక్కడికి దూరాన కిచెనర్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా భార్య పోయాక, నేనొక్కణ్ణే ఉన్నానని అక్క నా దగ్గరికి వచ్చేసింది. ఎండాకాలాలు మాత్రం కూతురి దగ్గర. రెజైనాకి చలికాలం కోసం వచ్చే మనిషి మా అక్క ఒక్కతే అయ్యుంటుంది.

కిడ్నీలు దాదాపు పనిచెయ్యడం లేదని తేలాక, డాక్టరు ఎంతో ఓపిగ్గా రెండు దార్లు చెప్పింది. డయాలసిస్ మొదలుపెట్టొచ్చు. లేదా, వయసునీ గుండెనీ బట్టి అది వద్దనుకుని, బాధ తెలియకుండా మందులతో ఉన్నన్నాళ్ళు ఉండొచ్చు. ఏదీ తప్పు కాదు, నిర్ణయం మీది, అంది. ఇంట్లోవాళ్ళ నోట కాకుండా అక్క నోటే వినాలని, ఫోన్‌లో ఒక తెలుగు దుబాసీని కూడా పెట్టింది.

"మీకేం కావాలో చెప్పమంటున్నారండీ," అంది ఫోన్‌లో గొంతు.

"నీదే ఊరమ్మా?" అంది అక్క.

"అది చెప్పకూడదండీ. రూల్."

అక్క ఫోను వైపు చూసింది. మళ్ళీ బురద పట్టిన ప్లేటు. "డాక్టరమ్మ ఎలగంటే అలగే. ఆవిడకేది వీలైతే అది చెయ్యమను," అంది. ఆలోచించుకుని రమ్మని పంపించారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో నాతో చెప్పింది. "నాకొద్దురా ఆ గొట్టాలు. మరదల్ని చూసేను కదా." నా భార్య డయాలసిస్ మీద ఉండే పోయింది. ఆ చివరి ఏడాది మీద నా దగ్గర జోకుల్లేవు. అక్క మాట నాకు సబబుగానే తోచింది.

మర్నాడు మేనకోడలు కిచెనర్ నుంచి దిగింది, నెలలు నిండుతున్న కడుపుతో. కోటైనా విప్పలేదు.

"మామయ్యా, అమ్మ ఓకే అంది. డయాలసిస్ చేయించుకుంటా, నీ బిడ్డని ఎత్తుకోవాలి అని ఫోన్‌లో క్లియర్‌గా చెప్పింది."

"నాతో వద్దంది."

"నువ్వు అడిగిన పద్ధతి అలా ఉంటుంది. అత్తయ్యని చూశాక నువ్వే డిసైడ్ అయిపోయావ్."

"నువ్వు కడుపు చూపించి అడిగావు."

"వీడియో కాల్‌లో ఎక్కడ దాచుకోమంటావ్?"

అక్క వంటింట్లోంచి టీ తెచ్చింది. కూతురికి చక్కెర లేకుండా, నాకు దండిగా. ఎలా కావాలని మమ్మల్ని అడగలేదు.

మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మేమిద్దరం అక్క మాటగా చెరో మాట చెప్పాం. ఇద్దరం చెప్పిందీ నిజమే. డాక్టరు మమ్మల్ని బయట కూర్చోబెట్టి అక్కతో విడిగా మాట్లాడింది. ఎంతకీ తలుపు తెరుచుకోలేదు. తెరిచాక, "నాకేది మంచిదనిపిస్తే అదే తనకి కావాలంటున్నారు. దాన్ని ఆవిడ నిర్ణయంగా నేను తీసుకోలేను," అంది. రక్తంలో ఉప్పులు పెరుగుతున్నాయట. ఈ వారం దాటితే నిర్ణయం ఒంటికే వదిలేసినట్టు, అంది.

ఇంటికొచ్చి ముగ్గురం భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. బయట మంచు, కట్టెలకని వెళ్ళే వీలు లేదు. మేనకోడలు తల్లి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. నేను రెండో పక్క కూర్చున్నాను.

"అక్కా, ఇక్కడ జీపులేం లేవు. మాకోసం కాదు. నీకేం కావాలో చెప్పు."

అక్క ఒక్క క్షణం ఆగింది. కూతురి కడుపు వైపు చూసింది. నా వెనక గోడ మీదున్న నా భార్య ఫొటో చూసింది. తర్వాత ఖాళీ గ్లాసులు మూడూ దగ్గరికి జరుపుకుంది.

"ముందు మీ ఇద్దరి తగువూ తేల్చుకోండర్రా. అప్పుడు నాకేటి కావాలో చెప్తాను."