మాటలొచ్చిన మూగపిల్ల

మేము కోయంబత్తూరు పక్కన పీలమేడులో పెరిగిన రోజుల్లో తెలుగు అనేది గడప లోపలి వస్తువు. గడప దాటితే అరవం, కాలేజీకి వెళితే అరవంతో పాటు కాస్త ఇంగ్లీషు. ఇంట్లో మాత్రం అవ్వ, నాయన, అమ్మ, తమ్ముడు, నేను, అందరం తెలుగే. ఆ తెలుగు ఎన్ని తరాల కిందట మాతో ఇక్కడికి వచ్చిందో, వచ్చాక ఎంత అరవాన్ని కొంగున కట్టుకుందో మాకు తెలియదు. తెలుగంటే అదే అనుకునేవాళ్లం. (మీరిప్పుడు చదువుతున్న తెలుగు నాది కాదు. నేను చెబుతుంటే ఒకామె దిద్ది రాసింది. ఇదీ ఒక రకం డబ్బింగే.) ఆ తెలుగులో నేను వసపిట్టలా పొద్దస్తమానం వాగేదాన్ని. మా అవ్వ విసుగుపుట్టి, "ఒక గడియ నోరు మూసుకో తల్లీ, చెవులు నొస్తా ఉండాయి" అని బతిమాలేది.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు పళని వెళ్లే దారిలో ఒక మామిడితోటలో తెలుగు సినిమా షూటింగు జరిగింది. అందులో ముఖ్య వేషం వేసే పెద్దాయనకు చిన్న కూతురిగా రావలసిన బొంబాయి అమ్మాయి ఆఖరి నిమిషంలో రానంది. చుట్టుపక్కల తెలుగు వచ్చిన పిల్ల ఎవరైనా ఉన్నారా అని వెతికితే, కాలేజీ నాటకాల్లో వేషాలు వేసే నా సంగతి ఎవరో చెప్పారు. మిల్లులో ఫిట్టరుగా పనిచేసే మా నాయన రెండు రోజులు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను బస్సులో తీసుకెళ్లాడు. డైరెక్టరుగారు నన్ను ఎగాదిగా చూసి, "తెలుగు వచ్చా అమ్మా?" అన్నారు. "ఇంట్లో తెలుగేనండి" అన్నాను గర్వంగా. పదకొండు డైలాగులు రాసి ఇచ్చారు. నేను తెలుగు చదవలేనని చెప్పడానికి భయపడి, వాళ్లు చదువుతుంటే విని బట్టీ పట్టాను.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. పెద్దాయన ఒక్కరే దూరంగా గొడుగు కింద, నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆయన కోపం గురించి అప్పటికే నాకు చాలా చెప్పారు. కానీ పెద్దమనిషి పస్తుంటే మనం తినడమా? మా ఇంట్లో అలా పెంచలేదు. దగ్గరికి వెళ్లి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగాను.

"అయ్యా, కూడు తింటిరా?"

ఆయన కళ్లద్దాలు తీశారు. "ఏమన్నావ్?"

పాపం, వినపడలేదు కాబోలనుకుని గొంతు పెంచాను. "కూడు తింటిరా అంటిని! ఈడికే తెచ్చేదా?"

తోటలో అందరూ విస్తళ్ల మీంచి తలెత్తి ఇటు చూశారు. మా ఇంట్లో కూడు అంటే అన్నం, తింటిరా అంటే తిన్నారా, ఈడికి అంటే ఇక్కడికి. అంతకుమించి ఒక్క అక్షరం లేదు. కానీ ఆ తోటలో ఉన్న వందమంది విన్నది వేరు: నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఒకతె పెద్దాయన్ని 'రా' అని పిలిచి, 'వీడికి' కూడు పడేయమంటోంది. ఆయన లేచి వెళ్లి కారులో కూర్చుని తలుపు వేసుకున్నారు.

షూటింగు ఆగిపోయింది. డైరెక్టరుగారు తల పట్టుకున్నారు. "తెలుగు వచ్చన్నావు కదమ్మా!"

"ఇది తెలుగేనండి" అన్నాను ఏడుస్తూ.

"ఇది తెలుగైతే మేం మాట్లాడేదేమిటి?"

అప్పుడు మా నాయన ముందుకు వచ్చాడు. కారు దగ్గరికి వెళ్లి, అద్దం మీద మెల్లగా తట్టి, చేతులు జోడించాడు. "అయ్యా, చిన్నపిల్ల. తప్పుగా ఎత్తుకోవద్దండి." (తప్పుగా అనుకోవద్దు అని. అరవంలో అలాగే అంటారు.)

పెద్దాయన అద్దం దించి, నోరు తెరిచి, "నేనెందుకయ్యా ఎత్తుకుంటానూ?" అన్నారు. ఒక్క క్షణం మా నాయన ముఖంలోకి చూసి పగలబడి నవ్వారు. ఆయన నవ్వగానే కెమెరావాళ్లూ, మేకప్‌వాళ్లూ, వంటవాళ్లూ అందరూ నవ్వారు. ఏం జరిగిందో అర్థం కాకపోయినా, కూతురి వేషం నిలబడిందని మా నాయన కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. నవ్వనిది నేనొక్కదాన్నే. ఎన్నో సినిమాల్లో గ్లిజరిన్ వేసుకోకుండా ఏడ్చావు, ఎలాగమ్మా అని నన్ను చాలామంది అడిగారు. ఇస్త్రీ చొక్కాలో నవ్వుతున్న నాయన్ని తలుచుకునేదాన్నని ఎవరికీ చెప్పలేదు.

పెద్దాయన తీర్పు ఇచ్చారు. "పిల్ల కళ్లు బాగున్నాయి. ఉంచండి. మాట మాత్రం వద్దు." గంటలో కథ మారింది. చిన్న కూతురు పుట్టుమూగ అయింది. నా పదకొండు డైలాగులూ పక్కింటి పిన్నిగారి వేషానికి వెళ్లాయి.

కోయంబత్తూరులో ఆ సినిమా ఆదివారం ఉదయం ఆట వేస్తే ఇంటిల్లిపాదీ వెళ్లాం. బయటికి వస్తూ అవ్వ నన్ను వింతగా చూసింది. "ఏమే, ఇంట్లో మూసిన వాయి తెరిపించలే... కాదు, తెరిచిన వాయి మూపించలేకపోతిమి. ఆడ ఎట్ల మూపించినారే?" (వాయి అంటే నోరు. ఆమెకూ అంత ఆశ్చర్యంలో మాట తడబడింది.)

సినిమా ఆడింది. దాంతో మూగపిల్ల వేషాలు వరస కట్టాయి. మూగ చెల్లెలు, మూగ పెళ్లికూతురు, ఒక సినిమాలో మూగ లాయరు కూడా! ఒక ఊళ్లో చీరల కొట్టు తెరవడానికి వెళితే, యజమాని నాకు చేతులతో సైగలు చేసి రిబ్బను చూపించాడు, కత్తెర చూపించాడు, కత్తిరించి మరీ చూపించాడు. ఆయన అంత కష్టపడ్డాక నోరు విప్పడం బాగుండదని నేనూ సైగలతోనే దండం పెట్టి వచ్చాను.

ఆ రోజుల్లోనే మదురై నుంచి ఒక సంబంధం వచ్చింది. బట్టల వ్యాపారం చేసే తెలుగువాళ్లు. సినిమా పిల్లని చేసుకోవడానికి అంత పరువైనవాళ్లు రావడమేమిటని అమ్మకు ఆనందం, అవ్వకు అనుమానం. కాఫీ తీసుకెళ్లి, పిల్లాడి తల్లి ముందు పెట్టి, "కాపీ తాగండత్తా" అన్నాను. ఆమె గ్లాసు ముట్టకుండా నా నోటి వంకే చూసింది.

"అయ్యో! మాట్లాడతాదా!"

ఆమె మా అమ్మ వైపు వంగి, గుసగుసగా, కానీ అందరికీ వినపడేలా తన గోడు చెప్పుకుంది. "మా ఇంట్లో ముగ్గురు కోడండ్లు ఉండారు తల్లీ. ముగ్గురూ మాట్లాడేవాళ్లే. ఇదొకతైనా నెమ్మదిగా ఉంటాదని..."

మా నాయన చటుక్కున, "కొంచెమే మాట్లాడతాదమ్మా" అన్నాడు.

ఇది చెప్పి ఎంతోమందిని నవ్వించాను. చెప్పనిది ఒకటుంది. వెళ్లిపోతూ ఆ అబ్బాయి మెట్ల దగ్గర ఆగాడు. "నిజంగానే బాగా మాట్లాడతారా?" అన్నాడు. "ఆఁ" అన్నాను. "మంచిదే కదా" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చింది. నెల రోజులు ఉత్తరం కోసం చూశాను. నెమ్మదైన పిల్ల దొరికిందని తరవాత తెలిసింది.

ఆ తరవాత సంబంధాలు రాలేదని కాదు, నేనే వద్దన్నాను. మెల్లగా నోరు మూసుకుని ఉండడం అలవాటైపోయింది. మాట్లాడే వేషాలు వచ్చినా గొంతు మరొకరిది. సెట్లో మాట్లాడితే నవ్వుతారని ఒక మూల కూర్చునేదాన్ని. 'ఆమెకు గర్వం' అని పత్రికల్లో రాశారు. గర్వం ఉంటే ఎంత బాగుండేదో, తోడుగా అదైనా ఉండేది. అవ్వ, అమ్మ, నాయన ఒకరి తరవాత ఒకరు వెళ్లిపోయారు. తమ్ముడి పిల్లలకు అరవం, ఇంగ్లీషు చాలు. ఇప్పుడు పీలమేడులో మా ఫ్లాటు మీదుగా విమానాలు దిగుతుంటాయి. వాటి మోత తగ్గాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. ఒక్కోసారి కూర తరుగుతూ, "ఉప్పు ఏస్తినా లేదా?" అని పైకే అడుగుతాను. అడిగితే ఒక మాట ఇంట్లో తిరిగినట్టుంటుంది.

కిందటేడు ఒక టీవీ సీరియల్లో బామ్మ వేషం వచ్చింది. డైరెక్టరు ఒక చిన్న వయసు అమ్మాయి. "మీ గొంతే కావాలమ్మా, మీ యాసే కావాలి" అంది. ముప్పై ఏళ్లకు పైగా తెర మీద ఉన్న నేను మొదటిసారి తెర మీద మాట్లాడాను. ప్రసారమైన మర్నాడు ఫోను తెరిచి, జనం రాసిన కామెంట్లు, ఆలస్యంగా నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. మొదటిది ఇది: "ఈమెకు ఎవరు డబ్బింగ్ చెప్పారో గానీ అస్సలు నప్పలేదు. పాత గొంతే పెట్టండి." అక్షరం అక్షరం చదివేదాన్ని కాబట్టి దెబ్బ కూడా అక్షరం అక్షరంగానే తగిలింది. జవాబు రాద్దామని మొదలుపెట్టి ఆపేశాను. ఆ భాగం మళ్లీ పెట్టుకుని, ఈసారి తెర చూడకుండా కళ్లు మూసుకుని విన్నాను. నవ్వొచ్చింది. రాసినవాళ్ల తప్పేం లేదు. అది మా అవ్వ గొంతు.