డమ్మీలో పెట్టకూడని మాట

మా ఆఫీసులో ఫోన్ మాట్లాడుకోవడానికి గాజు తలుపులతో చిన్న చిన్న గదులు కట్టించారు. ఒక కుర్చీ, ఒక బల్ల, గోడలకు బూడిదరంగు స్పాంజి. తలుపు మూయగానే చెవుల్లో దూది కుక్కినట్టు బయటి చప్పుడంతా ఆగిపోతుంది. నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తుంది. మిగతావాళ్ళు ఆ నిశ్శబ్దం కోసమే అందులోకి వెళ్తారు. నాకు మాత్రం తలుపు పడిన మరుక్షణం అరచేతులు చల్లబడతాయి. ఆ స్పాంజి వాసన, కదలని గాలి, నేను నోరు విప్పాలని ఎవరో అవతల ఎదురుచూస్తున్నారన్న బెదురు చుట్టుముడతాయి. కూర్చున్నది రాయదుర్గంలోనే అయినా, ప్రాణం మాత్రం మాదాపూర్‌లోని యాదగిరి గారి రికార్డింగ్ గదిలో మైకు ముందు నిలబడి ఉంటుంది.

యాదగిరి గారు మీకు తెలిసే అవకాశం తక్కువ. సినిమా పాటలు రాసేవారు. ఆయన పేరు తెర మీద పడిన పాటలు కొన్ని ఉన్నాయి, పడాల్సి ఉండీ పడనివి అంతకంటే ఎక్కువ ఉన్నాయి. జనగామ వైపు మనిషి. పొట్టిగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో, బ్యాంకు పనిమీద బయల్దేరినట్టు కనిపించేవారు. ఒక పాత అపార్ట్‌మెంటులో కింది వాటా కిరాయికి తీసుకుని ఒక గదిలో రికార్డింగ్, ఇంకో గదిలో శని ఆదివారాలు పాఠం నడిపేవారు. పాట రాయడం ఎలాగో, రాసిన పాటను సినిమావాళ్ళ దగ్గర మనదిగా నిలబెట్టుకోవడం ఎలాగో రెండూ నేర్పుతానని చెప్పేవారు. నేను మొదటిదాని కోసం చేరాను. రెండోది మొదలవగానే నేను నోట్సు మూసేసేదాన్ని. గుంటూరు జిల్లా నుంచి వచ్చి ప్రగతి నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం మాది. మా నాన్నగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ పై అధికారికి ఎదురు చెప్పకుండా రిటైరయ్యారు. అదే మా ఇంట్లో గొప్పగా చెప్పుకునే విషయం. నాకు మాటలు పుట్టుకతో వచ్చాయి, వాటిని పైకి అనే ధైర్యం మాత్రం రాలేదు.

మొదటి రోజే నా పల్లవి పాడమన్నారు. నేను గాయనిని కాదండీ, రాసేదాన్ని మాత్రమేనండీ అని నసిగాను. ఆయన నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి, ఆ వాక్యం పాడుకుంటూ పైకి ఎక్కమన్నారు. రెండో అంతస్తు చేరేలోపు నాకు ఆయాసం వచ్చింది, వాక్యం సగంలో తెగింది. తెగిన చోటే గాయకుడికీ ఊపిరి తెగుతుందని, అక్కడ మాట తగ్గించమని కింద నిలబడే చెప్పారు. స్వరం పైకి లేచే చోట నోరు విప్పుకునే అచ్చు ఉండాలనీ, వేగంగా పోయే చోట ఒత్తులు పేర్చకూడదనీ అలా మెట్ల మీదే నేర్చుకున్నాను. ఆ అపార్ట్‌మెంటు వాళ్ళు నన్ను చూసి తలుపులు వేసుకునేవారు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, అయినా మళ్ళీ శనివారానికి అక్కడే ఉండేదాన్ని.

ఆయన పాఠాల్లో నాకు నవ్వు తెప్పించింది డమ్మీ పాఠం. మన దగ్గర ఎక్కువగా ముందు బాణీ పుడుతుంది, తర్వాత మాటలు. బాణీ మరచిపోకుండా పాడి పెట్టుకోవడానికి ఏవో ఉత్తుత్తి మాటలు వేస్తారు. వాటినే డమ్మీ అంటారు. యాదగిరి గారు డమ్మీని ఎప్పుడూ కూరగాయలతోనే రాయించేవారు. విరహగీతం బాణీకి "బీరకాయ పచ్చడి, గోరుచిక్కుడు" అని మేమందరం కళ్ళు మూసుకుని పాడాలి. నేను నవ్వితే ఆయన మాత్రం నవ్వలేదు.

"డమ్మీల మంచి మాట పెట్టకు బిడ్డా. విన్నోళ్ళ చెవికి అది ట్యూన్‌తోటి అతుక్కపోతది. ఇగ అది ట్యూన్ చేసినోనిదే అయితది. బీరకాయనైతె ఎవ్వడు ఎత్తుకపోడు."

ఇంకో మాట కూడా పదే పదే చెప్పేవారు. పల్లవి వినిపించే ముందే, పాట మీద ఎవరి పేరు ఉంటుందో నోరు తెరిచి అడగాలి. అలా అడిగితే పొగరనుకుంటారేమోనండీ అన్నాను. అనుకుంటారని ఆయన ఒప్పుకున్నారు. ఆ జవాబు నాకేమీ ఊరటనివ్వలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు వరుణ్ అనే కుర్ర సంగీత దర్శకుడు ఆయన దగ్గరికి వచ్చాడు. అతనికి అది మొదటి సినిమా. కొత్తవాళ్ళెవరైనా రాస్తారా అంటే యాదగిరి గారు నా పేరు చెప్పారు. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అతను ఫోన్ చేశాడు. నేను పరుగున పోయి ఆ గాజు గదిలో దూరాను. బయటి పని చేస్తున్నానని మేనేజరుకు తెలిస్తే ఏమంటాడోనన్న భయం ఒకవైపు, ఈ అవకాశం జారిపోతుందేమోనన్న భయం ఇంకోవైపు. వరుణ్ ఫోన్‌లోనే బాణీ వినిపించి, అసలు గాయకుడి కంటే ముందు నమూనాగా ట్రాక్ పాడించడానికి డమ్మీ కావాలండీ, ఏదో ఒకటి వేసి పంపండి అన్నాడు. మొట్టమొదటి సినిమా మనిషికి బీరకాయ పచ్చడి పంపడానికి నాకు మనసు ఒప్పలేదు. తెలివితక్కువదని అనుకుంటాడేమోనని భయపడ్డాను. రాయదుర్గం గుట్టలు పగలగొడుతున్న చోట వాన చూస్తూ ఎప్పటినుంచో మనసులో దాచుకున్న వాక్యం ఒకటి ఉంది. అదే పంపాను.

"రాయి మీద వాన కురిసి వెళ్ళిపోతే
రాతికెవరు చెప్పాలి తడిసిన సంగతి"

పేరు సంగతి అడగలేదు. చరణాలు రాసి, ఎప్పుడు వినిపించమంటారని అతనికి సందేశాలు పంపుతూనే ఉన్నాను. జవాబు రాలేదు. చివరికి ట్రాక్ పాడిన అమ్మాయే చెప్పింది. పల్లవి దర్శకుడికి తెగ నచ్చిందట, అది బాణీతో పాటే పుట్టిందని అందరూ అనుకుంటున్నారట, చరణాలు మాత్రం పేరున్న ఒక కవి చేత రాయిస్తున్నారట. ఆ రాత్రి అన్నం సయించలేదు. నా మాటలు నా కళ్ళ ముందే వేరొకరివి అవుతుంటే నాకు ముందు కోపం రావాలి. కోపం రాలేదు, అడిగితే ఏమవుతుందోనన్న భయమే వచ్చింది.

వెళ్ళి చెబితే యాదగిరి గారు తిట్టలేదు. తిడితేనే బాగుండేది. చొక్కా గుండీ తిప్పుకుంటూ, ఇప్పుడు వదిలేస్తే ఈ పాటే కాదు, నీ తర్వాతి పాట కూడా ఎవరో ఒకరి డమ్మీయే అవుతుందన్నారు. మీరు మాట్లాడండి సార్, మీ మాటకు విలువ ఉంటుంది అని బతిమాలాను.

"నేను మాట్లాడితె, యాదగిరి రాసిచ్చిండంటరు. నువ్వే అడగాలె. నేను పక్కకు కూసుంట."

ఆ సినిమా నిర్మాణ సంస్థ ఆఫీసు హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం పై అంతస్తులో ఉంది. లిఫ్టులో వెళ్తున్నంతసేపూ, ఈ తలుపు తెరుచుకోకపోతే బాగుండని కోరుకున్నాను. లోపల నిర్మాత తరఫు మేనేజరు, వరుణ్ ఉన్నారు. టీ తెచ్చి పెట్టారు. యాదగిరి గారు గ్లాసు తీసుకోబోయి మళ్ళీ బల్ల మీదే ఉంచేశారు. ఎందుకో చూశాను. ఆయన చేతులు వణుకుతున్నాయి. అది చూశాక నాకున్న కాస్త ధైర్యం కూడా ఆవిరైపోయింది. ఇన్నాళ్ళూ ఆయనకు భయం లేదన్న నమ్మకం మీదే నేను నిలబడి ఉన్నాను.

అయినా నోరు విప్పాను. ఆ పల్లవి నాదండీ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, సన్నగా వినిపించింది. మేనేజరు మర్యాదగానే నవ్వాడు. డమ్మీలు అందరూ వేస్తుంటారమ్మా, దాన్ని పాట అంటే ఎలా, రేపు ట్రాక్ పాడిన అమ్మాయి కూడా పేరు వేయమని వస్తుంది అన్నాడు. వరుణ్ నావైపు చూడటం లేదు. ఇక లేచి వచ్చేద్దామనుకుని యాదగిరి గారి వైపు తిరిగాను. ఆయన కూర్చున్న చోటే కదలకుండా కూర్చున్నారు. నాకింకేం తోచక, దాచుకున్న మొదటి చరణం పాడటం మొదలుపెట్టాను. మధ్యలో శ్రుతి తప్పింది, ఒకచోట ఊపిరి కూడా అందలేదు. అయినా చివరిదాకా పాడాను.

పాడటం అయ్యాక వరుణ్ తలెత్తాడు. "ఆవిడే రాశారండీ. పల్లవి భలే ఉంది, నువ్వే రాశావా అని డైరెక్టర్ గారు అడిగారు. మొదటి సినిమా కదా, కాదనడానికి భయమేసింది," అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ గదిలో భయపడనిది ఆ మేనేజరు ఒక్కడే అనుకుంటాను.

పాట మీద నా పేరు వచ్చింది. మా అమ్మ ఫోన్‌లో పాటను ఆ పేరు దగ్గర ఆపి, ఫొటో తీసుకుని బంధువులందరికీ పంపింది. నేను పొంగిపోయాను, దాచడం దేనికి. అయితే ఆ తర్వాత ఆ సంస్థ నుంచి గానీ, వాళ్ళకు తెలిసినవాళ్ళ నుంచి గానీ నాకు ఒక్క పిలుపూ రాలేదు. చాలాకాలం తర్వాత వేరే చోట పని దొరికింది. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి గడిచిపోయింది. యాదగిరి గారికి అలా గడవలేదు. కొత్తవాళ్ళను ఉసిగొలిపి ఆఫీసుల మీదికి తెస్తాడని ఆయన మీద ముద్ర పడింది. ఆయన గదికి రికార్డింగులు రావడం తగ్గిపోయింది. పాఠానికి వచ్చేవాళ్ళు కూడా, అక్కడ నేర్చుకున్నామంటే అవకాశాలు రావని ఒక్కొక్కరే మానేశారు. ఇవేవీ ఆయన నాకు చెప్పలేదు. మాదాపూర్ వాటా ఖాళీ చేసి, తెల్లాపూర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారని తెలిశాకే అడిగి తెలుసుకున్నాను.

చూడటానికి వెళ్ళాను. బాల్కనీలో కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయినా ఇస్త్రీ చొక్కా మాత్రం మానలేదు. ఏం మాట్లాడాలో తెలియక, ఉద్యోగం గురించీ ట్రాఫిక్ గురించీ ఏదేదో చెప్పాను. చివరికి అడగక తప్పలేదు. ఆ రోజు నాతో వస్తే ఇలా జరుగుతుందని మీకు తెలియదా సార్ అన్నాను.

ఆయన నన్ను కాస్త వింతగా చూశారు. "తెలుసు గాబట్టే గద బిడ్డా చేతులు వణికినయ్. తెల్వకుంటె భయమెందుకు?" అన్నారు. తర్వాత, ఈ మధ్య ఏం రాస్తున్నావో పాడి వినిపించమన్నారు. ఇంకా ఏదీ పూర్తి కాలేదని తప్పించుకున్నాను. ఫికర్ చేయకు, మళ్ళీ వచ్చినప్పుడు పాడుదువు గానీ అన్నారు. మళ్ళీ వెళ్ళేలోపు ఆయన పోయారు.

పాట రాయడానికి కూర్చుంటే ఆయన నేర్పినవన్నీ చేతికి వాటంతట అవే వస్తాయి. ఊపిరి తెగే చోటు, నోరు విప్పే అచ్చు, అన్నీ. భయం మాత్రం పోలేదు. పోతుందని ఎదురుచూడటం కూడా మానేశాను. మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నా గురించి ఎవరో చెప్పారట. ఆమె రాసిన పల్లవిని డమ్మీ అని తీసేసుకున్నారట. అడగడానికి వెళ్తోందట, ఒంటరిగా వెళ్ళాలంటే భయంగా ఉందట, మీరు పక్కన కూర్చుంటారా మేడం అని అడిగింది. ఏ సంస్థ అంటే చెప్పింది. ఇప్పుడు నాకు పాటల పని ఇస్తున్నది వాళ్ళే.

కాగితం, పెన్ను దగ్గరికి లాక్కున్నాను. తర్వాత, ఎన్ని గంటలకు రమ్మన్నారో చెప్పమని అడిగాను.