పాత జోడులో ఇంటి తాత

నేనుండే నగర శివారు క్రాన్‌బర్న్‌లో, లైబ్రరీ గోడ మీద కాగితం చూసి బయలుదేరాను. యుద్ధం తప్పించుకుని యుక్రెయిన్ నుంచి వచ్చిన కళాకారులు, స్కాట్లండ్ కథలు తెలిసిన ఒక పెద్దావిడతో కలిసి, బెండిగో దారిలో ఒక చిన్న ఊళ్లో బొమ్మలాట ఆడుతున్నారట. శనివారమంతా గోడలతో మాట్లాడడం కంటే నయమనుకున్నాను.

ఏడున్నరకి రైలెక్కాను. నగరంలో బండి మారాక పక్కన గుంటూరు కుర్రాడు కూర్చున్నాడు. బెండిగో యూనివర్సిటీలో చదువుతున్నాడట. నా డబ్బాలో పులిహోర వాసన ఇట్టే పట్టేశాడు.

"వీకెండ్ ట్రిప్పా ఆంటీ? అంకుల్ రాలేదా?"

"రాలేదు బాబూ" అన్నాను. విడిపోయి ఏడాదైందని రైల్లో చెప్పుకునే మాట కాదు కదా. సగం పులిహోర పెట్టాను. తిని నిద్రపోయాడు, ఆ కాస్త తోడూ పోయింది.

పదకొండుకి దిగాను. హాలు స్టేషన్‌కి దగ్గరే. టీ, స్కోన్లనే చిన్న బన్నులు లోపలే దొరుకుతాయి.

ఆటలో ఇంటిని కాచే ముసలాయన బొమ్మ ఉంది. చేసింది యుక్రెయిన్ నుంచి వచ్చిన ఒక్సానా. వాళ్ల దగ్గర ఇల్లు మారేటప్పుడు పొయ్యి పక్కన పాత జోడు పెట్టి, "తాతా, మాతో రా" అని పిలవాలట. పిలవకపోతే ఖాళీ ఇంట్లో ఏడుస్తూ ఉండిపోతాడు. కథ అక్కడిదాకా వచ్చి ఆగింది. ఖాళీ జోడు పట్టుకుని ఒక్సానా మావైపు తిరిగింది.

"నేను పిలవలేదు. కట్టుబట్టలతో పరుగెత్తాం. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆయన ఏమయ్యాడో తెలియకుండా దీన్నెలా ముగించను?"

స్కాట్లండ్ పెద్దావిడ మోరాగ్ కుర్చీలోంచే అంది: "మా కథల్లోని ఇంటి తాతా ఇలాంటివాడే, గిన్నెడు పాలకి ఇల్లు కాస్తాడు. కానీ మొండి ఘటం. ఎవరూ పిలవక్కర్లేదు. బండి పొలిమేర దాటాక చూస్తే సామాన్ల మధ్య కూర్చుని ఉంటాడు."

ఒక్సానా నవ్వలేదు. జోడు తీసుకుని తెర వెనక్కి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రెండింటి ఆటకీ కూర్చున్నాను. ఈసారి పరాయి ఊళ్లో పెట్టె తెరిస్తే, జోడులోంచి ముసలాయన తల బయటపెట్టాడు. "ఎప్పుడెక్కావు తాతా?" అని అడిగింది ఒక్సానా. బొమ్మని గుండెకి హత్తుకుంది. నాకు ఏడుపొచ్చింది.

నాలుగింటి బండిలో పక్క సీటు ఖాళీ. అద్దె ఇంట్లో చేరిన రోజు నేను పాలు పొంగించలేదు. ఒక్కదానికి గృహప్రవేశమేమిటని ఊరుకున్నాను. క్రాన్‌బర్న్‌లో దిగి పాలు కొన్నాను.

వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లండి, ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. తిరిగొచ్చాక మీకేమవుతుందో నాకు తెలీదు. నేను మాత్రం తాళం తీసి, పక్కకి జరిగి, ముందు తాతకి దారిచ్చాను.