డోలు పిలిచిందని పోయినందుకు

గొల్లపల్లి దాటి అడవి దారిన పోతే వచ్చే దొర్ల ఆదివాసుల ఊరు ముయెది. యాభై దాటిన మనిషి. మొగుడు పోయి చాలాకాలమైంది. రెండు ముక్కల పొలం, ఎండాకాలం ఇప్పపువ్వు, తునికాకు. ఇవి ఆ ఊళ్ళో అందరికీ ఉన్నవే. ఆమెకు వేరుగా ఉన్నది గొంతు. ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వరస కట్టి ఆడే ఆటలో మొదటి మనిషి ముయె. ఆమె పాట ఎత్తితే వరస కదులుతుంది, ఆమె ఆపితే ఆగుతుంది.

ఆమెకు ఎడమ పక్కన కోసి. ఇద్దరూ తోటికోడళ్ళు, ఒకే ఎండాకాలం ఆ ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. వరసలో ఎవరి పక్కన నిలబడడం మొదలుపెడితే చచ్చేదాకా వాళ్ళ పక్కనే. ఆ మనిషి రాని రోజు ఆ జాగా ఖాళీగా ఉంచి ఆడతారు తప్ప ఇంకొకరిని నిలబెట్టరు. చూసేవాళ్ళకు వరస పన్ను ఊడినట్టు కనిపిస్తుంది. కనిపించనీ అంటారు వాళ్ళు.

కోసి మొగుడు భీమా ఒకప్పుడు పొద్దున లేస్తే సారా, పొద్దు గూకితే సారా. కొడుకు జ్వరంతో పోయాక మరీ పాడయ్యాడు. పక్క ఊరి చర్చికి పోవడం మొదలుపెట్టాక మానేశాడు. కోసి కూడా అటే పోయింది. ముయె ఒకసారి అడిగింది, "ఏందే, మన దేవర్లు నీకేం తక్కువ చేసిండ్రు?" అని.

"తక్కువేం చెయ్యలేదక్కా. ఎక్కువ కూడా చెయ్యలేదు. ఆ చర్చి దేవుడు మా ఆయనతోని సారా మాన్పించిండు. అంత పని చేసినోన్ని చూసి రావద్దా?"

ఆ జవాబుకు ముయె నవ్వింది. తర్వాత కష్టం తెలిసింది. భూమి పండగకు ఆడొద్దని చర్చి అయ్యగారు కోసికి చెప్పాడు. చర్చికి పోయేవాళ్ళు పండగకు రావద్దని ఊరి పెద్దలూ చెప్పారు. ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ మాట కలిసింది. పండగల్లో ముయె ఎడమ పక్క ఖాళీ అయింది.

మిగిలింది సర్కారు స్టేజీ ఒక్కటే. దగ్గరి పట్నం కోంటాలో సర్కారువాళ్ళు ఒక ఆటల ఇల్లు పెట్టారు. నాలుగు గోడలు, మీద రేకులు, అంతే. అక్కడ నేర్చుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఆటవాళ్ళను పిలిచేవారు. డోళ్ళకు తోళ్ళు ఇప్పించేవారు. ఏడాదికొకసారి బస్సెక్కించి జగ్దల్‌పూర్‌కో, ఇంకా పైకో తీసుకుపోయేవారు. ఆ స్టేజీ మీద మాత్రం కోసి వచ్చి నిలబడేది. "సర్కారు స్టేజీకి దేవుడు లేడుగా అక్కా, మా అయ్యగారు ఏమంటడు, మీ పెద్దలు ఏమంటరు," అనేది. నిజమే. ఆ దేశంలో ఏ దేవుడిదీ కాని జాగా ఆ పలకల స్టేజీ ఒక్కటే. అది ఎంత పెద్ద సంగతో దాన్ని కట్టినవాళ్ళకూ తెలియదు, తీసేసినవాళ్ళకూ తెలియదు.

తీసేశారు. ఒక వానాకాలం తర్వాత పోయి చూస్తే ఆటల ఇంటికి తాళం. లోపల సిమెంటు బస్తాలు. అక్కడ ఉండే గుమస్తా, "పైనుంచి ఫండ్ కట్ అయింది అమ్మా. కళలకు ఈ ఏడాది ఏమీ లేదు, వచ్చే ఏడాది కూడా చెప్పలేను," అన్నాడు. ఆ నెలలోనే జిల్లా మైదానంలో పెద్ద ఉత్సవం జరిగింది. బొంబాయి నుంచి పాటగాడు వచ్చాడు, ఆకాశం నిండా బాణాసంచా కాల్చారు. ఖజానా ఎండలేదన్నమాట. ముయెలాంటివాళ్ళ వైపు తూము మూశారు, అంతే.

తూము మూసిన చోట కమలేష్ వచ్చి నిలబడ్డాడు. కోంటావాడు. ఎవరికి ఆటవాళ్ళు కావాలన్నా తెచ్చిపెట్టడం అతని పని. నాయకుడికి దండలు వేసే సభకు, దుకాణం తెరవడానికి, పెళ్ళి ఊరేగింపుకు. ఒకరోజు ఊరికి వచ్చి డోలు కొట్టే ఆయతుతో మాట్లాడి పోయాడు. మర్నాడు పొద్దున్నే ఆయతు డోలు మోగించాడు.

డోలు పిలిస్తే ఎందుకని అడగరు ఆ ఊళ్ళో. పెళ్ళికి పిలుస్తుంది, పండగకు పిలుస్తుంది, చావుకు పిలుస్తుంది. ఎవరిదని అడిగి పోవడమంటే పిలిచినవాడిని అవమానించినట్టు. డోలు మోగితే చేతిలో పని వదిలి రావాలి, వచ్చాక తెలుసుకోవాలి. తాతల నాటి నుంచి అంతే. డోలు వెనకాల చెడ్డ సంగతి ఉంటుందని వాళ్ళ తాతలకు ఎవరూ చెప్పలేదు.

ముయె చీర కట్టుకుని, పూసలు వేసుకుని వచ్చింది. కోసి కూడా తన ఇంటి గడపలోకి వచ్చింది. అప్పటికే కళ్ళు పచ్చబడి ఉన్నాయి, కాళ్ళు వాచి ఉన్నాయి.

"నాకు చాత కాదక్కా ఇయ్యాల. నా జాగా ఉంచు," అంది.

"ఉంచకపోతే ఎవల్ని పెడతనే? పండుకో పో," అని ముయె కమలేష్ పంపిన పికప్ బండి ఎక్కింది.

కోంటా బజారులో జెండాలు, మైకులు, తలకు గుడ్డలు కట్టుకున్న కుర్రాళ్ళు. కమలేష్ వరసను అందరికంటే ముందు నిలబెట్టాడు. మగవాళ్ళ తలల మీద ఆటకు కట్టే దున్న కొమ్ములు, భుజాన డోళ్ళు. మైకులో హిందీ. "బాహర్ కరో, బాహర్ కరో" అన్న ముక్క ముయెకు అర్థమైంది. బయటికి పొమ్మంటున్నారు. అడవి తవ్వడానికొచ్చిన గనులోళ్ళను అయ్యుంటుంది అనుకుంది. ఆమె వయసు వచ్చిన నాటి నుంచి ఆ దేశంలో ఊరేగింపంటే ఎవరినో ఒకరిని బయటికి పొమ్మనడమే. భూమి కోసం నడిచినప్పుడు తానూ ఆ మాట అరిచింది. పాట ఎత్తింది. ఎడమ చెయ్యి గాలిలో పెట్టి, కోసి జాగా ఖాళీగా ఉంచి, బజారు ఆ చివరి దాకా ఆడింది. చాలా రోజుల తర్వాత ఆడినందుకు ఒళ్ళు తేలికైంది కూడా.

తర్వాతి సంతకు పోయినప్పుడు శ్రీరంగం సేటు కొట్టులో తెలిసింది. సేటు తెలుగువాడు, తండ్రి నాటి నుంచి కోంటాలో ఉప్పు, నూనె, బట్టలు అమ్ముతాడు.

"రా ముయెమ్మా. నీ బొమ్మ మా అల్లుని ఫోన్‌ల కూడ వచ్చింది. ఇగ నీకు ఉద్దెర ఇయ్యాల్నంటే భయమే, పెద్దమనిషివైనవ్."

"ఏంది సేటూ, పొద్దున్నే ఎక్కిరిస్తున్నవ్."

సేటు ఫోన్ చూపించాడు. ముయె తనను తాను చూసుకుంది. బాగానే ఆడింది. కింద హిందీ అక్షరాలు పరుగెడుతున్నాయి.

"ఏం రాసిండ్రు?"

సేటు కొట్టు బయటికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "చర్చికి పోయేటోళ్ళకు ఊళ్ళ మట్టి ఇయ్యొద్దు అని. సచ్చినా సరే, ఊరి భూమిల పెట్టనియ్యమని. ఊళ్ళన్నీ ఒప్పుకున్నయి, ఇగో ఆడుకుంట వచ్చిండ్రు అని రాసిండ్రు. నీకు ఎరుక లేదా?"

"డోలు పిలిస్తే పోయిన."

"మంచిగ పోయినవ్ తియ్యి," అన్నాడు సేటు. ఉప్పు కట్టి ఇచ్చాడు గానీ మళ్ళీ నవ్వలేదు.

ముయె ఇంటికి పోకుండా నేరుగా కోసి దగ్గరికి పోయింది. కోసి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొట్ట ఉబ్బింది, మొహం పీక్కుపోయింది. ముయె నోరు తెరవకముందే అంది, "చూసినక్కా. భీమా చూపిచ్చిండు."

"నాకు తెల్వదే. గనులోళ్ళను అనుకున్న."

"నన్ను ఎల్లగొట్టే ఆటల కూడ నా జాగా ఖాళీ ఉంచినవ్ సూడు. నీ మర్యాద నీదే." కోసి నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. "భీమా సూస్తుంటే అన్న, ఏడవకయ్యా, నేను లేకుంట అక్కకు అడుగు పడట్లేదు సూడు అని."

ముయె ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. తిట్టినా బాగుండును. కోసి అంది, "మా పొలంల, పిల్లగాని పక్కన నన్ను పెట్టుమను. వాడు చిన్నోడు, ఒక్కడే ఉన్నడు. ఇంకేం అడగనక్కా."

"పెడతరు. ఎవడు ఆపుతడు నేను సూస్త," అంది ముయె.

వరి పొట్టకొచ్చే కాలంలో ఒక ఉదయం కోసి పోయింది.

భీమా సొంత పొలంలో, కొడుకు పక్కన, తన చేతులతోనే గొయ్యి తీశాడు. ముయె ఆయతు ఇంటికి పోయింది. చావు డోలు లేకుండా ఆ ఊళ్ళో పీనుగు లేవదు. ఆయతు డోలు గోడకు తగిలించి ఉంది. అతను దానివైపు చూడట్లేదు.

"లే ఆయతూ. కోసి పోయింది."

"విన్నక్కా." అతను లేవలేదు. "కమలేష్ కబురు పంపిండు. కొడితే నాకూ ఊళ్ళ జాగ ఉండదట."

"ఆ దినం వాడు చెప్తే కొట్టినవ్. ఇయ్యాల కోసి సస్తే కొట్టవా?"

"ఆ దినం ఎందుకని అడగలే. ఇయ్యాల అడగకముందే చెప్పిండు," అన్నాడు ఆయతు.

పొలం దగ్గరికి వచ్చేసరికి బండ్లు ఆగి ఉన్నాయి. కోంటా కుర్రాళ్ళు గొయ్యి చుట్టూ నిలబడ్డారు. ఊరివాళ్ళు గట్టు మీద, దూరంగా. కోసి చేతి అంబలి తాగినవాళ్ళు, ఆమె మంత్రసానితనంతో బిడ్డల్ని కన్నవాళ్ళు. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. సర్కారు పెద్ద సారు ఒకాయన కూడా వచ్చాడు, ఇద్దరు పోలీసులతో.

"నా పొలం సారూ. పట్టా ఉంది. నా కొడుకు ఆడనే ఉన్నడు," అంటున్నాడు భీమా.

"పొలం నీదే భాయ్, నేను కాదన్నానా," అన్నాడు సారు. "ఊరికి ఇష్టం లేదు. గొడవైతే ఎవరు చూస్తారు?"

ముయె గుంపును తోసుకుని ముందుకు వచ్చింది. "ఊరికి ఇష్టం లేదని ఎవడు చెప్పిండు? నేను ఊరు కాదా?"

కమలేష్ ఆ మాటకే కాచుకుని ఉన్నట్టు ఫోన్ తీశాడు. "అత్తా, కోపం చెయ్యకు. సాబ్, దేఖియే. ఈమెనే. అందరికంటే ముందు ఆడింది ఈమె. ఊరి ఇష్టం ఇంతకంటే ఎట్ల తెలుస్తది?"

సారు ఫోన్ చూశాడు, ముయెను చూశాడు. "ఏమ్మా, ఇది నువ్వేనా?"

"నేనే. నాకు చెప్పకుంట ఆడిచ్చిండ్రు."

"ఎవరైనా చెప్పకుండా ఆడతారా అమ్మా?" అన్నాడు సారు. హేళనేమీ లేదు అందులో. నిజంగానే అర్థం కాక అడిగాడు. డోలు పిలిస్తే పోతామని ఆయనకు ఎలా చెప్పాలో ముయెకు తెలియలేదు. చెప్పినా ఆ వివరణ కోసికి గొయ్యిలో చోటు తెచ్చిపెట్టదు. గట్టు మీదివాళ్ళ వైపు తిరిగి, "చెప్పుండ్రి, ఒక్కరన్న చెప్పుండ్రి," అంది. ఒక ముసలామె నోరు తెరిచింది. పక్కనున్న కొడుకు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

జగ్దల్‌పూర్‌లో వాళ్ళ మతంవాళ్ళ శ్మశానం ఉందని, బండి సర్కారే ఇస్తుందని సారు చెప్పాడు. ఆటలకు ఇవ్వడానికి బండి లేని సర్కారు దగ్గర కోసిని ఊరు దాటించడానికి ఆ గంటలోనే బండి దొరికింది. భీమా ఇద్దరు చర్చివాళ్ళతో కలిసి పెళ్ళాన్ని ఎక్కించాడు. ముయె కూడా ఎక్కి, కోసికి కుడి పక్కన కూర్చుంది. ఎవరూ దిగమనలేదు.

వాళ్ళలో చచ్చినవాళ్ళకు దారి చెప్పాలి. వరసలో భుజం పట్టినవాళ్ళే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా చచ్చినవాళ్ళకు వినపడదంటారు. ఆ పాట ఇంటి గడప దగ్గర మొదలవుతుంది. ఇప్పచెట్టు దాటు, వాగు దాటు, అత్త పేర నిలిపిన బండ ఎడమ పక్కన, ఆమెను పలకరించి పో, అంటూ చిన్నవాళ్ళకు చెప్పినట్టు చెబుతారు. ఊరి నుంచి మట్టి దాకా, అంతే ఆ పాట. జగ్దల్‌పూర్ దాకా దానికి మాటల్లేవు.

బండి కోంటా దాటి పెద్ద రోడ్డెక్కాక ముయె అడిగింది, "భీమా, పాడాలె. మీ అయ్యగారు ఏమంటడో."

భీమా కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆయన ఈడ లేడు వదినా. పాడు."

ముయె గొంతు ఎత్తింది. గడప, ఇప్పచెట్టు, వాగు. వాగు దగ్గరికి వచ్చేసరికి బండి ఎర్రబోరు ఊరు దాటుతోంది. పాట ఆగిపోయింది. ముందుకు చెప్పడానికి ఏముంది? కోసి పోవాల్సిన చోటు వెనకాల ఉంది, పోతున్న చోటు ఎవరిదో. ముయె చుట్టూ చూసింది. రోడ్డు పక్క ఊళ్ళు, పోలీసు క్యాంపులు, ఇనుప ముళ్ళ కంచెలు. ప్రతి ఒక్కటీ గుర్తు పెట్టుకుంటూ కూర్చుంది. దోర్నపాల్, సుక్మా, తోంగ్‌పాల్. కొండల మీది ఘాట్ రోడ్డు ఎక్కి దిగింది బండి. ఒక్క మాట పాడలేదు. భీమా ఆమె అలిసిపోయిందనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా జగ్దల్‌పూర్‌లో తెలియని మనుషులు తవ్విన గొయ్యిలో కోసిని దింపారు. అయ్యగారొకాయన ప్రార్థన చదివాడు. మంచివాడే, తొందర పెట్టలేదు. ఆయన ముగించాక ముయె ఎడమ చెయ్యి గాలిలోకి చాపి పాట ఎత్తుకుంది.

లేవే కోసీ, అంది. ఇది మన జాగ కాదు, లే. ఘాట్‌ల మెల్లగ దిగు, లారీలు వస్తయి. సుక్మాల ఆగకు. దోర్నపాల్ క్యాంపు కాడ పేరు అడుగుతరు, చెప్పకు. కోంటాల కమలేష్ ఎదురొస్తడు, పలకరియ్యకు. గొల్లపల్లి దాటినంక నీకు ఎరుకనే. గట్టు మీద మనోళ్ళు తలలు వంచుకుని ఉంటరు, వాళ్ళను ఏమనకు, దాటుకుని రా. పిల్లగాని పక్కన భీమా తవ్వింది అట్లనే ఉంది.

బండి డ్రైవరు హల్బీ మాట్లాడేవాడు. మాట అర్థం కాక, ఏం పాట ఇది అని భీమాను హిందీలో అడిగాడు.

"దారి చెప్తుంది," అన్నాడు భీమా, "ఇంటికి."

మర్నాడు ఊరు చేరేసరికి గొయ్యి పూడ్చి ఉంది. ఊరివాళ్ళే పూడ్చారు, ఖాళీ గొయ్యి ఊరికి మంచిది కాదని. ముయె చేతిసంచీ గట్టు మీద పెట్టి, భీమా గుడిసెలోంచి గడ్డపార తెచ్చుకుంది.