ఆయన పక్కన చోటు

నా భర్త పుట్టుకతో క్రైస్తవుడు. పన్నెండేళ్లకే బాప్తిస్మం ఇప్పించారట. మా పెళ్లి నాటికే ఆయనకు దేవుడి మీద నమ్మకం పోయింది. నేను హిందువుల ఇంటి పిల్లని. అయినా అమెరికాలో మోరిస్‌విల్ వచ్చాక ఆదివారం తెలుగు చర్చికి వెళ్లింది నేనే. మొదట అత్తగారి మాట కాదనలేక వెళ్లాను, తర్వాత పాటల కోసం, ఆ తర్వాత ఎందుకో చెప్పలేను. శుక్రవారం ఇంట్లో దీపమూ పెట్టేదాన్ని. ఆయన నన్ను చర్చి దగ్గర దింపి, కార్‌లో కూర్చుని ఫోన్‌లో క్రికెట్ చూసుకునేవారు.

మొన్న మార్చిలో ఆఫీస్‌కి బయలుదేరుతూ గరాజ్‌లో కుప్పకూలిపోయారు. అంబులెన్స్ వచ్చేసరికే ప్రాణం లేదు. చర్చివాళ్లే అన్నీ చూసుకున్నారు. శ్మశానంలో సంఘం కొనుక్కున్న వరసలో సమాధి చేశారు. పాస్టర్ గారు ప్రార్థనలో ఆయన్ని విశ్వాసి అన్నప్పుడు నేను తల దించుకున్నాను.

మూడు నెలలయ్యాక, ఆయన పక్కన ఖాళీగా ఉన్న చోటు నాకు ఉంచమని అడిగాను. ఆ వరస బాప్తిస్మం పొందినవాళ్లకేనని పాస్టర్ గారు ఇబ్బంది పడుతూనే చెప్పారు.

"ఆయన ఏనాడూ లోపలికి రాలేదు కదండీ," అన్నాను.

"ఆయన మన బిడ్డే కదమ్మా. మీరూ బాప్తిస్మం తీసుకోండి. ఇంట్లో ఆ దీపం మానేస్తే చాలు."

కటువుగా అనలేదు. అందుకే మరీ బాధేసింది. పద్నాలుగేళ్లు ఆ చర్చిలో పాడిన నేను, ఆయన కంటే పరాయిదాన్నయ్యాను.

సెలవులకు వచ్చిన మా అమ్మాయికి చెప్పాను. "డాడీ బిలీవ్ చేయలేదు, కానీ క్రిస్టియన్. నువ్వు ఎవ్రీ వీక్ వెళ్లావు, కానీ కాదు. మరి నువ్వు ఏంటమ్మా?" అంది.

"తెలీదు నాన్నా," అన్నాను.

బాప్తిస్మానికి నీళ్లలో మునగడం కష్టం కాదు. మునిగే ముందు నమ్ముతున్నావా అని అడుగుతారు. ఆ మాట ఆయన పక్కన చోటు కోసం చెప్పాలి. నమ్మనిదాన్ని నమ్మానని ఒక్కసారీ అనని మనిషి పక్కకి అబద్ధం చెప్పి చేరాలనిపించలేదు.

చివరికి అదే శ్మశానంలో, దారికి అవతల, అందరికీ ఇచ్చే భాగంలో చోటు తీసుకున్నాను. అక్కడి నుంచి ఆయన సమాధి కనిపించదు, మధ్యలో పైన్ చెట్లున్నాయి. ముప్పై ఏళ్లు ఒకే మంచం మీద పడుకున్నాం. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.